టైరు గాలి దీపం వెలిగితే: ముందు మీ కారుది ఏ రకమో తేల్చుకోండి

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తుతో పసుపు దీపం వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. ఈ సంగతి చాలామందికి తెలుసు. గాలి తగ్గినట్టు కారుకు ఎలా తెలిసిందన్నది మాత్రం అన్ని బండ్లలో ఒక్క తీరుగా ఉండదు. మీ బండిలో ఏ రకం ఉందో తెలియకుండా మెనూలోకి పోయి 'సెట్' నొక్కితే, కొన్ని కార్లలో గాలి తగ్గిన టైరునే సరైన టైరని నేర్పినట్టవుతుంది. దీపం ఆరిపోతుంది, టైరు మాత్రం అట్లనే ఉంటుంది. కాబట్టి రకం తేల్చుకోవడమే మొదటి పని.

రకం ఎలా తెలుసుకోవాలి

బండిని రెండు మూడు కిలోమీటర్లు నడిపి, మీటరు మధ్యలోని చిన్న తెరలో గానీ టచ్‌స్క్రీన్‌లోని వెహికల్ మెనూలో గానీ టైర్ల బొమ్మ వెతకండి. నాలుగు చక్రాల పక్కన 33, 33, 32, 33 అని విడివిడిగా అంకెలు కనిపిస్తే మీది నేరుగా కొలిచే రకం. హ్యుందాయ్ బ్రోషర్లలో 'హైలైన్' అని రాసేది దీన్నే. అంకెలు లేకుండా దీపం ఒక్కటే ఉండి, మెనూలో 'టైర్ ప్రెషర్ సెట్' లేదా 'స్టోర్' అనే మాట ఉంటే చాలావరకు అది లెక్కగట్టే రకం. టైరు వాల్వు లోహపుదై, మొదట్లో నట్టు బిగించి ఉంటే లోపల సెన్సారు ఉండొచ్చు. కానీ రబ్బరు వాల్వుకు బిగించే సెన్సార్లు కూడా ఉన్నాయి, కాబట్టి వాల్వు చూసి తేల్చేయకండి.

రెండింటి లోపల జరిగేది

నేరుగా కొలిచే రకంలో ప్రతి చక్రం లోపల, వాల్వు అడుగున, అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా ఉంటుంది. గాలి ఒత్తిడిని, వేడిని కొలిచి రేడియో ద్వారా కారుకు పంపుతుంది. మన దేశంలో, యూరప్‌లో ఇవి ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద, అమెరికాలో 315 మీద పనిచేస్తాయి. ప్రతి సెన్సారుకు సొంత గుర్తింపు నంబరు ఉంటుంది. పక్క కారు సెన్సారు మీ తెర మీద కనిపించకపోవడానికి కారణం అదే. బ్యాటరీ మిగలాలని బండి ఆగినప్పుడు సెన్సారు నిద్రపోతుంది, చక్రం తిరగడం మొదలయ్యాక మేల్కొంటుంది. అందుకే గాలి కొట్టించిన వెంటనే తెర మీద పాత అంకె కనిపించినా కంగారు పడక్కర్లేదు. కొద్ది దూరం పోగానే మారుతుంది.

లెక్కగట్టే రకంలో టైరు లోపల ఏమీ ఉండదు. గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు ఎలాగూ ఉండే చక్రాల వేగం సెన్సార్లనే వాడుకుంటుంది. గాలి తగ్గిన టైరు కొద్దిగా కుంగి, చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతా వాటికన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఈ 'కాస్త' ఎంత తక్కువో చూడండి. 205/65 ఆర్16 సైజు టైరు కిలోమీటరుకు దాదాపు 480 చుట్లు తిరుగుతుంది. గాలి తగ్గినప్పుడు వచ్చే తేడా ఒక శాతం కూడా ఉండదు. అంటే 480 చుట్లలో రెండు మూడు చుట్ల తేడాను కారు పట్టుకోవాలి. అందుకు కొంతసేపు తిన్నని రోడ్డు, నిలకడైన వేగం కావాలి. జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు 44వ నంబరు హైవే మీద ఇది సులువుగా తేలుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే మలుపు మలుపుకూ బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరుగుతాయి కాబట్టి అక్కడ ఆలస్యమవుతుంది. కొన్ని కార్లు టైరు కంపనాన్ని కూడా చదివి ఈ లోటును కొంత పూడ్చుకుంటాయి.

చుట్లనే పోల్చే వ్యవస్థకు ఇంకో పెద్ద లోటు ఉంది. నాలుగు టైర్లలో గాలి ఒకేలా తగ్గితే పోల్చుకోవడానికి తేడా మిగలదు. మంచి టైరులో కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలిచే లెక్క, పైన 33 అన్నది ఇదే) సహజంగానే తగ్గుతుంది. నాలుగైదు నెలలు గాలి చూడకపోతే నాలుగూ కలిసి ఆరేడు పీఎస్‌ఐ దిగిపోతాయి, దీపం వెలగకపోవచ్చు.

ఏ రకమైనా సరే, దీపం ఆలస్యంగానే వెలుగుతుందని గుర్తుంచుకోండి. అమెరికా నియమం ప్రకారం కంపెనీ చెప్పిన గాలి కంటే 25 శాతం తగ్గితే హెచ్చరిక రావాలి. యూరప్ నియమం ప్రకారం 20 శాతం. 33 ఉండాల్సిన టైరుకు ఇవి దాదాపు 25, 26 అవుతాయి. 28 దగ్గర కూడా టైరు అంచులు అరుగుతాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది, దీపం మాత్రం వెలగదు. వంద రెండు వందల రూపాయల్లో దొరికే, గాలి కొలిచే చేతి గేజి ఒకటి బండిలో ఉండాలి.

గాలి కొట్టించే వేళ: మన ఎండల్లో తప్పు జరిగేది ఇక్కడే

డ్రైవరు డోరు తీస్తే, పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత, ఖాళీగా ఉంటే ఎంత, నిండుగా ఉంటే ఎంత అని అందులో ఉంటుంది. అది చల్లని టైరు లెక్క. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, టైరు మీద ఎండ పడకూడదు. నల్గొండలో మే నెలలో ఈ రెండూ కుదిరేది పొద్దుగాల ఐదు, ఆరు గంటలకే. స్టిక్కరు మీద కొన్నిసార్లు కిలోపాస్కల్‌లో 230 అనో, బార్‌లో 2.3 అనో ఉంటుంది. రెండూ దాదాపు 33 పీఎస్‌ఐ. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ.

వేడితో గాలి ఎంత మారుతుందో లెక్క చేతిలో ఉంటే సగం అనుమానాలు పోతాయి. 33 పీఎస్‌ఐ దగ్గర, టైరులో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.6 పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెల తెల్లవారుజామున 30 డిగ్రీల వేళ 33 పెట్టారనుకుందాం. మధ్యాహ్నం 44 డిగ్రీల్లో, నీడలో ఆపిన బండిలో కూడా అది 35 అవుతుంది. ఎండ పడే వైపు టైర్లు ఇంకా పెరుగుతాయి. నార్కట్‌పల్లి నుంచి కోదాడ దాకా 65వ నంబరు హైవే మీద గంట పోతే టైరులో గాలి 65 డిగ్రీలు దాటొచ్చు, తెర మీద 38, 39 కనిపించొచ్చు. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఈ పెరుగుదలను లెక్కలో ఉంచుకునే కంపెనీలు చల్లని టైరుకు 33 అని రాస్తాయి.

'ఎండాకాలం టైరు వేడికి పేలుతుంది, మూడు నాలుగు పాయింట్లు తక్కువే కొట్టు' అనే మాట మన దగ్గర ప్రతి గాలి మిషను దగ్గరా వినిపిస్తుంది. దయచేసి ఆ మాట వినకండి. గాలి తక్కువున్న టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి. సన్నని తీగను అటూ ఇటూ వంచితే వంచిన చోట ఎట్లా కాలుతుందో టైరు పక్కలు కూడా లోపల అట్లనే కాలుతాయి. ఆ వేడికి రబ్బరు, లోపలి దారపు పొరలు విడిపోతాయి, 100 కిలోమీటర్ల వేగంలో టైరు చీలుతుంది. ఎండాకాలం టైర్లు పేలడానికి పెద్ద కారణం తక్కువ గాలే. దానికి పాత టైరు, ఎక్కువ బరువు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నడుస్తూ వేడెక్కిన టైరు నుంచి గాలి తీయడం కూడా ఇదే తప్పు.

ఆ తప్పు చలికాలంలో దీపంగా బయటపడుతుంది. మే నెల మధ్యాహ్నం, టైరు 65 డిగ్రీల వేడిలో ఉండగా బంకులో సరిగ్గా 33 పెట్టించారు. అదే గాలి మరునాడు పొద్దుగాల 30 డిగ్రీల్లో 28 ఉంటుంది. డిసెంబరులో మహబూబ్‌నగర్ చలికి, 14 డిగ్రీల్లో, ఒక్క చుక్క గాలి బయటికి పోకున్నా అది 26కు దిగుతుంది. సహజంగా తగ్గేది కూడా కలిస్తే దీపం వెలిగి తీరుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయాక టైరు వేడెక్కి ఆరిపోతుంది. 'సెన్సారు చెడిపోయింది' అని షోరూముకు తీసుకుపోయే బండ్లలో ఈ రకంవి చాలా ఉంటాయి. చలి పొద్దున వెలిగి, నడిస్తే ఆరే దీపానికి మందు ఒక్కటే, చల్లని టైరుకు స్టిక్కరు లెక్క ప్రకారం గాలి నింపడం.

దారిలో, వేడి టైరుతోనే గాలి కొట్టించక తప్పనప్పుడు, తగ్గిన టైరును అదే ఇరుసు మీద ఉన్న రెండో టైరుతో సమానం చేయండి. ఎడమ ముందు 32, కుడి ముందు 38 ఉంటే ఎడమది 38 చేయండి. మరునాడు పొద్దుగాల నాలుగూ మళ్లీ చూసుకోండి. నైట్రోజన్ నింపినా వేడికి పెరగడం, చలికి తగ్గడం ఇంతే. గాలిలో 78 శాతం అదే కదా. అవసరమైతే దాని మీద మామూలు గాలి కొట్టించుకోవచ్చు, సెన్సారుకు తేడా తెలియదు.

లెక్కగట్టే రకానికి రీసెట్ చేసే వరుస

చల్లని వేళ నాలుగు టైర్లూ గేజితో చూసి స్టిక్కరు ప్రకారం సరిచేయండి. బండి ఆపి ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మెనూలో 'సెట్' లేదా 'స్టోర్' ఎంచుకోండి. కొన్ని కార్లలో స్టీరింగు కింద గానీ గ్లోవ్ బాక్సులో గానీ విడిగా బటన్ ఉంటుంది, దీపం మెరిసేదాకా నొక్కి పట్టాలి. తర్వాత బండి నడపాలి. అప్పటి చుట్ల లెక్కే ఇక మీదట కొలమానం అవుతుంది. ఆ నేర్చుకోవడానికి చాలా కార్లకు 20 నిమిషాల నుంచి గంట దాకా, రకరకాల వేగాల్లో, నడక కావాలి. ఆ లోపు దీపం మీద ఆధారపడకండి.

గాలి మార్చిన ప్రతిసారీ, టైర్లు ముందువి వెనక్కి మార్చినప్పుడు, ఒక్క టైరైనా కొత్తది వేసినప్పుడు, స్టెప్నీ ఎక్కించినప్పుడు ఇదంతా మళ్లీ చేయాలి. మిర్యాలగూడ నుంచి బియ్యం బస్తాలు వేసుకుని, వెనుక టైర్లకు నిండు బరువు లెక్క గాలి కొట్టించినా రీసెట్ అవసరమే. బరువు దించి గాలి తగ్గించాక ఇంకోసారి చేయాలి. దీపం వెలిగిందని విసుగుతో, గేజి పెట్టకుండా నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

నేరుగా కొలిచే రకంలో అంకెలు చదవడం

ఒక్కో అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. మన పొలాల గట్ల వెంట, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ఎంత ఉందో తెలుసు కదా. దాని ముల్లు ట్యూబ్‌లెస్ టైరులో దిగి విరిగితే, విరిగిన ముక్కే రంధ్రానికి బిరడాలా పనిచేస్తుంది. ఒక్కసారి గాలి దిగదు. సోమవారం 33, మంగళవారం 31, బుధవారం 29 అవుతుంది. మిగతా మూడు 33 దగ్గరే నిలుస్తాయి. పొద్దుగాల బయలుదేరాక మొదటి కిలోమీటరులో తెర చూసే అలవాటుంటే దీపం వెలిగే రెండు రోజుల ముందే ముల్లు దొరుకుతుంది. టైరు మీద సబ్బు నీళ్లు పోసి చక్రాన్ని మెల్లగా తిప్పండి. ముల్లు దిగిన చోట ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అక్కడ రాకపోతే వాల్వు నోట్లో ఒక చుక్క, వాల్వు మొదట్లో ఒక చుక్క, తర్వాత టైరు డిస్కును పట్టుకునే అంచు చుట్టూ పోసి చూడండి. వడ్లు ఆరబోసి, చుట్టూ పెట్టిన రాళ్లు రోడ్డు మీదే వదిలేసిన చోట్ల ఎక్కించిన బండికి డిస్కు అంచు వంగి అక్కడి నుంచి గాలి పోతుంది. పంచరు వేసినా అది ఆగదు, డిస్కు సరిచేయించాలి.

వేడి అంకె కూడా చూపించే బండ్లలో, ఒక చక్రం ఎదుటి వైపు దానికన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉంటే గాలి చూడండి. గాలి సరిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉందేమో చూపించాలి.

బండి స్టార్ట్ చేయగానే దీపం నిమిషం, నిమిషంన్నర మెరిసి తర్వాత నిలకడగా వెలిగితే అది గాలి సంగతి కాదు, వ్యవస్థలోనే లోపం. ఏదో చక్రం దగ్గర అంకె బదులు గీతలు కనిపిస్తే ఆ సెన్సారు మాట్లాడటం లేదని అర్థం. ఐదు నుంచి పదేళ్లలో బ్యాటరీ అయిపోతుంది. లోపల అతికించి మూసేస్తారు కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చలేరు, సెన్సారే మార్చాలి. కొత్తదాని నంబరును కారుకు నేర్పించాలి. కొన్ని కార్లు నడుస్తుండగా వాటంతట అవే నేర్చుకుంటాయి, కొన్నింటికి స్కానరు కావాలి. ఈ సంగతి కొనే ముందే అడిగి తెలుసుకోండి. స్టెప్నీలో చాలావరకు సెన్సారు ఉండదు, అది ఎక్కించినప్పుడు ఇదే లోపం దీపం వస్తుంది. సన్నటి స్టెప్నీకి 60 పీఎస్‌ఐ దాకా గాలి ఉండాలి, దాని మీదే రాసి ఉంటుంది. 2020లో వచ్చిన మార్పు ప్రకారం టైరు గాలి చూపే వ్యవస్థ, పంచరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. కొత్త కారు తీసుకునేటప్పుడు డిక్కీ చాప ఎత్తి చూసుకోండి.

పంచరు షాపులో ముందే చెప్పాల్సిన మాట

టైరు విప్పకముందే, 'లోపల సెన్సారు ఉంది' అని చెప్పండి. ముల్లుకు బయటి నుంచి స్ట్రిప్పు వేస్తే సెన్సారుకు ఏ ఇబ్బందీ లేదు. లోపలి నుంచి ప్యాచ్ వేయాలన్నా, కొత్త టైరు వేయాలన్నా డిస్కు నుంచి టైరు విడదీయాలి, అక్కడే సెన్సారు విరుగుతుంది. మిషను పలకతో టైరు అంచును నొక్కాల్సింది వాల్వుకు ఎదురుగా, అవతలి వైపున. వాల్వు దగ్గర నొక్కితే పలక సరిగ్గా సెన్సారు నెత్తిన పడుతుంది. రాడ్లు, సుత్తితో విప్పే చోట సెన్సారున్న టైరు ఇవ్వకపోవడమే మంచిది. డబ్బాల్లో వచ్చే పంచరు ద్రవం సెన్సారు గాలి పీల్చే సన్న రంధ్రాన్ని మూసేయొచ్చు. గతిలేక పోస్తే, టైరు విప్పించి సెన్సారు తుడిపించండి.

టైరు విప్పినప్పుడు వాల్వు రబ్బరు వాషరు, నట్టు, లోపలి పిన్ను కొత్తవి వేయించండి. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే తేమకు రెండూ ఒకదాన్నొకటి తినేసుకుని బిగుసుకుపోతాయి. నికెల్ పూత ఉన్న తెల్ల పిన్నే వేయాలి. మూత కూడా ప్లాస్టిక్‌దే పెట్టండి. లోహపు మూత పట్టేస్తే దాన్ని తిప్పబోయి వాల్వే విరుగుతుంది.

దారిలో దీపం వెలిగినప్పుడు

స్టీరింగు గట్టిగా పట్టుకుని, బ్రేకు కొట్టకుండా ఆక్సిలరేటరు మెల్లగా వదలండి. ఎడమ పక్క గీత అవతల ఆపి హజార్డ్ లైట్లు వేయండి. గేజితో 20 కన్నా తక్కువ చూపిస్తే ఆ టైరు మీద ఒక్క కిలోమీటరు కూడా పోకండి, పక్కలు లోపల నలిగి టైరు పనికిరాకుండా పోతుంది. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయొచ్చు.

ఏ వ్యవస్థా లేని పాత కారుకు

బయట వాల్వు మీద మూతలా తిప్పే సెన్సార్లు, చిన్న తెర కలిపి దొరుకుతాయి. లోపల బిగించేవి ఎక్కువ మన్నుతాయి కానీ నాలుగు టైర్లూ విప్పించి, మళ్లీ బ్యాలెన్సింగు చేయించాలి. బయటివి ఐదు నిమిషాల పని. అయితే, 100 కిలోమీటర్ల వేగంలో 10 గ్రాముల సెన్సారు కిలో పైచిలుకు బరువు వేలాడదీసినంత బలంతో వాల్వును బయటికి లాగుతుంది. పాత, పగుళ్లు వచ్చిన రబ్బరు వాల్వు దానికి ఆగదు. వాల్వును వేళ్లతో వంచి మొదట్లో చూడండి, సన్న గీతలు కనిపిస్తే ముందు వాల్వు మార్పించండి. ఇంకో సంగతి, ఈ సెన్సారు వాల్వు పిన్నును ఎప్పుడూ నొక్కి తెరిచే ఉంచుతుంది. దాని రబ్బరు రింగు సరిగా కూర్చోకపోతే గాలి సెన్సారు పక్క నుంచే పోతుంది. చేత్తో గట్టిగా తిప్పి, సబ్బు నీళ్లు పెట్టి చూశాకే బయలుదేరండి.

తెరలో హద్దులు మీరే పెట్టాలి. 33 గాలికి కింది హద్దు 27 పెట్టండి. పై హద్దు 45 ఉండాలి, 38 పెడితే మే నెలంతా అది అరుస్తూనే ఉంటుంది, చివరికి విసిగి పీకేస్తారు. వేడి హద్దు 80 డిగ్రీలు చాలు. సౌరశక్తి తెరను అద్దం కింద అతికించమని డబ్బా మీద రాసినా, ఎండలో తలుపులు మూసి ఆపిన కారులో అక్కడి వేడికి లోపలి బ్యాటరీ ఉబ్బుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బండి ఆపినప్పుడల్లా తెర తీసి గ్లోవ్ బాక్సులో పెట్టండి.